స్పర్శే నా పరిశోధన

పంచేంద్రియాలలో కంటికీ చెవికీ దక్కిన గౌరవం చర్మానికి దక్కలేదు. దృశ్యాన్ని పట్టి ఉంచడానికి కెమెరా వచ్చింది. శబ్దాన్ని దాచడానికి గ్రామఫోను వచ్చింది. స్పర్శను గ్రహించి మరొక చోటికి చేరవేసే సాధనాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. వాటిని గూర్చిన శాస్త్రమే హాప్టిక్స్. తాకుట అనే అర్థం గల గ్రీకు పదం నుండి ఈ పేరు పుట్టింది. శస్త్రచికిత్స చేసే రోబోలకు ఆ స్పర్శజ్ఞానాన్ని చేకూర్చే ప్రయత్నంలో నేనూ ఒక పరిశోధక విద్యార్థిని.

ఈ మార్గంలోకి నన్ను తెచ్చినవి పుస్తకాలు కావు. మా అబ్బాజాన్ దర్జీ పని చేసేవారు. బట్టను రెండు వ్రేళ్ళ నడుమ ఒక్కసారి నలిపి, అది నూలో టెరికాటనో చెప్పేవారు. మధుమేహం ముదిరిన తరువాత ఆయన పాదాలు మొద్దుబారాయి. నడుస్తూండగా చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒకనాడు వైద్యులు ఆయనను కళ్ళు మూసుకొమ్మని, సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కి, తెలుస్తున్నదా అని అడిగారు. ఆ పోగు వంగడానికి 10 గ్రాముల ఒత్తిడి చాలును. పలుచోట్ల ఆయన మౌనంగానే ఉండిపోయారు. స్పర్శను కొలవవచ్చునని నాకు తెలిసింది ఆనాడే. అది పోతే మనిషి ఎంత కోల్పోతాడో తెలిసినదీ ఆనాడే.

అప్పుడు నేను మెకానికల్ ఇంజనీరింగు చదువుతున్నాను. శస్త్రచికిత్స రోబోలను గూర్చి చదవసాగాను. 2000లో డావిన్సీ యంత్రానికి అమెరికాలో అనుమతి లభించింది. 2001 సెప్టెంబరు 7న డాక్టర్ జాక్ మారెస్కో బృందం న్యూయార్కులో కూర్చుండి, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని జ్యూస్ అనే రోబో ద్వారా తొలగించింది. ఇవి అద్భుతాలే. అయితే డావిన్సీ ముందు కూర్చున్న వైద్యునికి కణజాలం కనబడేదే గాని, దాని మెత్తదనం చేతికి తెలిసేది కాదు. కుట్టుదారం బిగిసిందో, తెగబోతున్నదో కంటితోనే ఊహించుకోవాలి. ఆ వైద్యుని చేతికీ, అబ్బాజాన్ పాదానికీ గల పోలిక నన్ను వదలలేదు.

పరిశోధనలో చేరిన తరువాత ఈ లోపానికి కారణాలు బోధపడ్డాయి. కంటిని నమ్మించడానికి సెకనుకు 24 చిత్రాలు చాలు. చేతిని నమ్మించడానికి బలాన్ని సెకనుకు దాదాపు 1000 సార్లు లెక్కగట్టి అందించాలి. సమాచారం రవ్వంత ఆలస్యమైతే, గట్టి వస్తువు తగిలినట్లు తోచవలసిన చోట పిడి గడగడ వణుకుతుంది. రోగి శరీరంలో కత్తెర పట్టిన యంత్రం అలా వణకరాదు. పైగా బలాన్ని కొలిచే పరికరం అతి సన్ననిదై ఉండాలి. క్రిమిశుద్ధికి వాడే వేడిని తట్టుకోవాలి. 2024లో అనుమతి పొందిన ఐదవ తరం యంత్రంతో గాని డావిన్సీ శ్రేణిలో ఈ సౌకర్యం చేరలేదు.

నేడు నా పని జిలటిన్ ముద్దలోకి సూదిని దింపి, అది ఎదుర్కొనే నిరోధాన్ని కొలిచి, పిడి ద్వారా వ్రేళ్ళకు చేర్చడం. సూది పై పొరను చీల్చిన క్షణంలో నిరోధం హఠాత్తుగా తగ్గుతుంది. ఆ తగ్గుదల వైద్యుని వ్రేళ్ళకు తక్షణమే అందాలి. నా పరిశోధన వల్ల అబ్బాజాన్ పాదాలకు స్పర్శ తిరిగి రాదు. ఈ సంగతి నేను చెప్పక ముందే ఆయన గ్రహించారు. సెలవులలో నా పని వివరాలు విని, "డాక్టరు చేతికైనా తెలియనీ, బేటా" అన్నారు.

విద్యార్థి మిత్రులారా! ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి., బై.పి.సి. అని విడిపోయిన మనం ఈ శాస్త్రంలో మళ్ళీ ఒకే బల్ల వద్ద కలుసుకొంటాము. గణితం, యంత్రశాస్త్రం, శరీరధర్మశాస్త్రం ఇక్కడ ఒకదానికొకటి అవసరం. కుట్టు, నేత, వడ్రంగం తెలిసిన ఇళ్ళ నుండి వచ్చినవారు ఆ మాట చెప్పుకొనడానికి సంకోచించవలదు. చేతికి తెలిసిన విద్యను లెక్కలలోనికి తేగలవారే ఈ శాస్త్రానికి కావలసినవారు.