చింతపండుకు దూరంగా

సఖీర్‌లో చలికాలమంటే డేరాల కాలం. బహ్రెయిన్ కుటుంబాలు పట్నం వదిలి ఈ ఎడారిలోకొచ్చి డేరాలు వేసుకుంటాయి. జనరేటర్లు, దీపాల తోరణాలు, రాత్రుళ్లు చలిమంటలు. ఎండలు ముదిరే వేళకు అన్నీ ఎత్తేస్తారు. ఇసుకలో మిగిలేవి డేరా మేకులు, సీసా మూతలు, బొగ్గులు, అప్పుడప్పుడూ చిల్లర. మా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడి కన్నంతా ఆ చిల్లర మీదే.

ఒకసారి ఒక వంద ఫిల్స్ నాణెం తెచ్చి నా ముందు పెట్టాడు. 'అన్నా, ఎట్ల నల్లగైందో సూడు. చింతపండు పెట్టి తోముదామా?'

ఎవరి చలిమంటలోనో పడి కాలిన నాణెం అది. అంచున ఒక సొట్ట, బండి చక్రం కింద పడిందేమో. వంద ఫిల్స్‌లో రెండు లోహాలుంటాయి: మధ్యలో రాగి, నికెల్ కలిసిన తెల్లటి బిళ్ల, చుట్టూ ఇత్తడి పట్టీ. బిళ్ల మీదున్న రాజముద్ర మసి కింద కనిపిస్తూనే ఉంది. పట్టీ మాత్రం అక్కడక్కడ పసుపు పోయి గులాబీ రంగుకు తిరిగింది. ఇత్తడిలో ఉండేది రాగీ జింకూ. పుల్లటిదేది తగిలినా, ఉప్పుతేమ పట్టినా ముందు కరిగిపోయేది జింకు, మిగిలేది రాగి. చింతపండు పెడితే ఆ గులాబీ మచ్చలు ఇంకా పెరుగుతాయే తప్ప తగ్గవు.

'మరి అమ్మ బిందెలు తోముతది గదా?' అన్నాడు. నిజమే. బిందె మందంగా ఉంటుంది, ఏటా ఒక పొర పోయినా దానికి లెక్కలేదు. నాణేనికున్న ఆస్తంతా ఆ పై పొరే. బొమ్మ, అంకె, సంవత్సరం అన్నీ అక్కడే. తోమినప్పుడు మెరిసేది కొత్తదనం కాదు, కొత్తగా గీరుకుపోయిన లోహం. నాణేలు సేకరించేవాళ్లు దీపం కింద నాణేన్ని కొంచెం వంచి చూస్తారు. ఒకే వైపుకు సాగిన సన్నటి గీతలు కనిపించాయా, ఇక దాన్ని పక్కన పెట్టేస్తారు. అమెరికాలో నాణేలకు మార్కులు వేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలైతే అలా తోమిన దానికి మామూలు అంకె ఇవ్వకుండా, తోమినదని రాసి తిప్పి పంపుతాయి.

అయినా, ఇది నిన్నమొన్నటిదాకా చెలామణీలో ఉన్న వంద ఫిల్స్. సేకరణదారుల నీతులు దీనికెందుకు? నేనూ అదే అనుకుంటాను. వంద ఫిల్స్ నల్లగా ఉన్నా వందే, మెరిసినా వందే. తోమితే విలువ పెరగదు కాబట్టి తోమక్కర్లేదన్నదే నా మొదటి వాదన. తమ్ముడి ఆశ మాత్రం వేరు. పాత ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామనే వీడియోలు ఫోన్లో రోజూ చూస్తాడు. ఆ వ్యాపారం తమ పేరు చెప్పుకొని జరుగుతోందని, ఎవరూ రుసుములు కట్టవద్దని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. చెప్పాను. నమ్మినట్టు తలూపాడు, ఫోను మాత్రం మూయలేదు.

అతని జిల్లాలోనే, వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల వల్లే గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజులు లోకానికి తెలిశారు. శాతవాహనులకు ముందటివాళ్లు. వాళ్ల గురించి మనకున్న సాక్ష్యం ప్రధానంగా ఆ నాణేల మీది నాలుగైదు బ్రాహ్మీ అక్షరాలే. ఒడ్డున దొరికిన బిళ్లను ఎవరో మెరుపు కోసం బూడిదేసి తోమారనుకోండి, చరిత్రలోంచి ఒక రాజే చెరిగిపోతాడు. శాతవాహనుల సీసం నాణేలు మరీ సుకుమారం. పులుపు వాటిని నేరుగా తినేస్తుంది. ఈ ముక్క వినగానే తమ్ముడు మొదటిసారి చింతపండు గిన్నె పక్కకు జరిపాడు.

ఇక్కడ పాతకాలం అంత వెనక్కి పోదు, కనీసం చిల్లర విషయంలో. 1959 దాకా ఇక్కడ చెల్లింది మన రూపాయే. తర్వాత గల్ఫ్ కోసమే రిజర్వు బ్యాంకు వేరే నోట్లు అచ్చు వేసింది. 1965లో పది రూపాయలకు ఒకటి చొప్పున దీనార్ వచ్చింది. అంటే ఎంత పాత ఫిల్స్ అయినా దాని వయసు అరవై ఏళ్లే. తమాషా ఏమిటంటే, ఇరవై అయిదు ఫిల్స్ మీద నాలుగు వేల ఏళ్ల నాటి దిల్మున్ ముద్ర బొమ్మ వేశారు. అసలు ముద్రలు మ్యూజియంలో అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. వాటి బొమ్మను మనం గిన్నెల సబ్బుతో రుద్దుతాం.

అలాగని ఏమీ చేయకూడదనడం కూడా ఈ దేశంలో కుదరదు. ద్వీపం, గాలి నిండా ఉప్పు. రాగి ఉన్న నాణేన్ని ఉప్పు పట్టుకుంటే లేతాకుపచ్చ పొడి లేస్తుంది. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో గట్టిగా అంటుకున్న చిలుము లోహాన్ని కాస్తుంది, దాన్ని వదిలేయాలి. గోటికి రాలే పచ్చపొడి మాత్రం రోగం. తేమ తగిలిన కొద్దీ లోపలికి తొలుచుకుపోతుంది. అందుకని కడగాలి. తోమకూడదు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెడితే ఉప్పు కొంతవరకు దిగిపోతుంది. ప్లాస్టిక్ కవర్ల వల్ల అంటుకునే ఆకుపచ్చ జిగురుకు శుద్ధమైన అసిటోన్ పనిచేస్తుంది. గ్యాస్ పొయ్యీ మంచాలూ ఒకే గదిలో ఉండే మాలాంటి వాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. సొట్టలు సుత్తితో సరిచేయడం గురించి చెప్పడానికేమీ లేదు, ఒక సొట్ట రెండవుతుంది.

వంద ఫిల్స్‌ను అలాగే నానబెట్టాం. మసి కొంత వదిలింది, గులాబీ మచ్చలు అలాగే ఉన్నాయి. దాచుకుంటానన్నాడు. ఎక్కడా అని అడిగితే బిస్కెట్ డబ్బా తెరిచి చూపించాడు. చిల్లరంతా మేడారం నుంచి వాళ్లమ్మ పంపిన బంగారం పక్కనే ఉంది. బంగారమంటే సమ్మక్కకు మొక్కి తెచ్చిన బెల్లం. బహ్రెయిన్ ఉక్కపోతకు అది చెమర్చి, అడుగున ఉన్న అయిదు ఫిల్స్ బిళ్లలు పాకంలో మునిగి ఉన్నాయి.

'ముందు ఆ బెల్లం తీసెయ్ తమ్ముడూ. తేమంతా అదే పీల్చి పైసలకు పడుతోంది' అన్నాను.

'బంగారం తియ్యనన్నా' అన్నాడు. 'పైసలే ఇంకో డబ్బల ఏస్త.'