నాటు తుపాకితో జింకల బాధ పోదు



కంది రెండాకుల మీద ఉన్నప్పుడే కృష్ణ జింకలు మందలు మందలుగా దిగి సాలుకు సాలు మేసి పోతున్నాయి. మా నారాయణపేట దిక్కు, కృష్ణా నది ఒడ్డు ఊర్లల్ల ఇది ఏటా ఉన్న గోసనే. ఈసారి రెండుసార్లు విత్తనం పెట్టినోళ్లలో నేనూ ఒకడిని. అందుకే నాటు తుపాకి మాట ఎత్తే తమ్ముళ్ల మీద నాకు కోపం లేదు. కానీ నాలుగు మాటలు చెప్పాలె.

ఆ తుపాకి సంగతి మీకు తెల్వనిది కాదు. మూతి నుంచి నల్లమందు పోసి, పీచు పెట్టి, కడ్డీతో దట్టించి, సైకిల్ బేరింగు గుండ్లు వేస్తారు. గొట్టం సన్నం, లోపల నున్నగా ఉంటది. దూరం పెరిగితే గురి ఉండదు, బలమూ ఉండదు. బయలు చేన్ల జింక మనిషిని దగ్గరికి రానీయదు. మళ్లీ మందు కూరేసరికి మంద పొలిమేర దాటుతది. తగిలినా కడుపుకో కాలుకో తగులుతది.

పోయినేడు మా చెలక గట్టు కింద ఒక ఆడ జింక కనబడ్డది. కడుపుల గుండ్లు, పుండుకు పురుగు పట్టింది, ఇంకా ఊపిరి ఆడుతున్నది. చుట్టూ కుక్కలు కూసున్నాయి. కొట్టినోనికి కూర దక్కలేదు, నాకు కంది దక్కలేదు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో కృష్ణ జింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. గాయం చేసినా, చంపాలని చూసినా అది వేట కిందికే వస్తది. "పంట కాపలాకు లైసెన్సు ఉంది కదా" అంటారు కొందరు. నిజమే, 1959 ఆయుధాల చట్టంలో అట్లాంటి లైసెన్సు ఉంది. అది తుపాకి పెట్టుకోవడానికే గాని జింకను కాల్చడానికి కాదు. అడవి పందికి ఇచ్చిన సడలింపు జింకకు లేదు.

ఇంకొకటి. చీకట్ల ఏదో కదిలిందని కాలుస్తారు. ఆ కదిలింది పక్క చేనుకు కాపలా వచ్చిన మన అన్ననో తమ్ముడో అయితే?

పంట పోయిన రోజే ఫోటోలు తీయండి. పాస్‌బుక్ జిరాక్సుతో అటవీ రేంజ్ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కడు ఇస్తే కాగితం మూలకు పడతది, ఊరంతా కలిసి పోతే జవాబు చెప్పక తప్పదు. పొద్దుగాల, మాపటికి కాపలా వంతులు వేసుకుందాం. చేను చుట్టూ తీగకు మాత్రం కరెంటు పెట్టకండి. మీ ఊర్ల ఏం చేస్తున్నరో కింద రాయండి.