మాచర్ల పరుగుదారి

మాచర్లలో పరుగు పెట్టదలచినవాడు తెల్లవారక మునుపే లేవవలెను. ప్రొద్దెక్కినచో అచ్చటి నాపరాతి నేల పెనమువలె కాలును.

ఆ యూరి యువకుడొకడు ప్రతిదినమును చెన్నకేశవస్వామి యాలయము కడ బయలుదేరి చంద్రవంక యొడ్డున పరుగెత్తెడివాడు. వేసవిలో ఆ వాగున నీటికన్న రాళ్ళే మిక్కుటము. వానలు కురిసినపుడు అదియే నక్కలవాగు, తుమ్మలవాగులతో కలిసి ఎత్తిపోతల కడ 70 అడుగుల ఎత్తునుండి దుముకును. అంతదూరము ఒక్క పరుగున పోవలెనని వాని పంతము.

భాద్రపదమాసమున ఒకనాడు నాగార్జునసాగరము బాట పట్టెను. సగము దారిలోనే ఎండ ముదిరెను, నాలుక పిడచకట్టెను. చేలో మిరపనారు నాటుచున్న ముదుసలి యొకడు తలయెత్తి చూచి, "ఎవరు తరుముతున్నారు నాయనా? కాసిని మంచినీళ్లు తాగి ఇంటికి పో. ఎత్తిపోతల ఎక్కడికీ పోదులే!" అనెను. యువకుడు నీరు త్రాగి, సిగ్గుపడుచు నడిచి యిల్లు చేరెను.

మరుసటి వారము కోడికూతకే బయలుదేరెను. ముదుసలి చేను దాటునప్పటికి ఇంకను చీకటియే. జలపాతము కంటబడక మునుపే దాని హోరు చెవిని బడెను. క్రింది మడుగున మొసళ్ళు కలవు, అందు దిగరాదు. మోకాళ్ళు వణకుచుండగా ఎదుటి గట్టున కూర్చుండి చాలసేపు చూచెను.

తిరుగుప్రయాణము మాత్రము బస్సులోనే.