పాల చుట్టరికం

మా ఇండ్లల్లో బిడ్డ పుడితే ముందు చెవిలో అజాన్ పడాలి. ఆ తర్వాతే ఏదైనా. 2013లో మా చెల్లెలికి ఏడో నెల నిండీ నిండకనే నొప్పులొచ్చినాయి. మైదుకూరు నుంచి పెద్దాసుపత్రికి పోయి కాన్పయ్యేసరికి, బిడ్డ చెవి దాకా పోయే దారే మాకు లేకుండా పోయింది. 1,300 గ్రాముల పిల్లోడు. అద్దాలపెట్టెలో పెట్టినారు. వాని చెవికీ మాకూ మధ్య రెండు తలుపులు, ఒక వాచ్‌మన్.

ఆ ఆసుపత్రి పేరు రాయం. ఒకరిని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు.

వరండాలో బురఖాలతో కూచున్న మా ఆడోళ్ళను చూసి "మీకు తెలుగొస్తాదా?" అని అడిగినారు. నాలుగు రోడ్ల మైదుకూరులో పుట్టి, తెలుగులో బేరమాడి, తెలుగు పేపర్లో రాసి బతికే మాకు ఆ ప్రశ్న కొత్త కాదు. డాక్టరు చెప్పే ఇంగ్లీషు ముక్కల్ని తెలుగు చేసుకుని, ఆ తెలుగును ఉర్దూ చేసి అమ్మీకి చెప్పేవాళ్ళం. ఒక్క మాటకు మాత్రం తర్జుమా అక్కర్లేకపోయింది. చీటీలు రాసే ఆయన అన్నాడు: "మీకేం లేమ్మా, ఏటికొకరు పుడతారు."

అమ్మీ ఏమీ అనలేదు. ఆమెకు నలుగురం పుడితే ఇద్దరం మిగిలినాం. 1980లలో నెల తక్కువ బిడ్డను దూదిలో చుట్టి, పక్కన కుంపటి పెట్టుకుని ఆరు రాత్రులు కాపాడి, ఏడో రోజు పోగొట్టుకున్న మనిషి ఆమె. మేము ఎక్కువ కంటామని లెక్కలు చెప్పేవాళ్ళకు మా కుంపట్లు కనిపించవు.

మూడో రోజు డాక్టరమ్మ పిలిచింది. చెల్లెలికి పాలు పడలేదు. నెల తక్కువ పిల్లలకు డబ్బాపాలు పోస్తే పేగులు పాడయ్యే ప్రమాదం ఎక్కువ, తల్లికి పాలు పడేదాకా ఇంకో తల్లి పాలు దొరికితే మేలు అన్నది. ముందు ముక్కులోంచి గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో తాపుతామన్నది.

అక్కడ మేము ఆగిపోయినాం. బయటోళ్ళకు ఇది మూఢనమ్మకంగా కనిపించొచ్చు. మాకు పాలిచ్చిన తల్లి తల్లే. ఆమె పిల్లలు తోబుట్టువులే. వాళ్ళ మధ్య పెండ్లి హరాం. ఇది ఖురాన్‌లోనే ఉంది. ఎన్నిసార్లు తాగితే ఆ బంధం ఏర్పడుతుందన్న దగ్గర మాత్రం భేదాలున్నాయి. షాఫయీలు ఐదుసార్లంటారు. మా హనఫీలు ఒక్కసారైనా చాలంటారు. పది మంది పాలు కలిపితే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు గదా. ఈ భయంతోనే 1985లో జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ముస్లిం దేశాల్లో పాల బ్యాంకులు వద్దన్నది. అవసరాన్ని బట్టి తప్పు లేదన్న ఆలిములూ ఉన్నారు.

అమ్మీ ఈ వాదాలేవీ చదవలేదు. "దూధ్ కిస్కా భీ హో, మాలూమ్ హోనా" అన్నది. పాలు ఎవరివైనా సరే, ఎవరివో తెలియాలి.

బద్వేలు రోడ్డు పల్లె నుంచి వచ్చిన ఒకామె వరండాలో మా పక్కనే కూచునుండేది. పుట్టగానే ఏడవని ఆమె ఆడబిడ్డ కూడా లోపలే ఉంది. పాలు పొంగి రవిక తడిసిపోతాంటే పిండి పారబోస్తాండేది. అమ్మీ ఆమె దగ్గర చేరి అడిగింది. "యా ఊరమ్మా? ఎంతమంది పిల్లోళ్ళు? వాళ్ళ పేర్లేంది?"

ఆమె తల వంచుకుంది. "మేము మాదిగోళ్ళమమ్మా. మా పాలు మీరు తాపుతారా?"

"కులం అడగలే బిడ్డా, చుట్టరికం అడగతాండా. నీ కూతురు నా మనవడికి అక్కవుతాది. పేరు తెలీకుంటే ఎట్లా?"

ఆమె అమ్మీ ముఖంలోకి చూసింది. "ఇంకా పేరు పెట్టలేదమ్మా" అన్నది.

కాన్పు చీటీలో ఆమె రక్తపరీక్షలు చూసుకున్న తర్వాతే డాక్టరమ్మ ఒప్పుకుంది. తొమ్మిది రోజులు ఆ పాలే. పదకొండో రోజు ఒక నర్సమ్మ చెల్లెలి భర్తతో చేతులు కడిగించి లోపలికి పంపింది. అద్దాలపెట్టె కిటికీలోంచి ఆయన గుసగుసగా అజాన్ ఇచ్చినాడు.

ఇంటికొచ్చినాక మా వాళ్ళే గొణిగినారు, ఎవరి పాలో తాపించినారని. ఇస్లాంలో కులం లేదని సభల్లో చెప్పేది మేమే. సంబంధాలు చూసేటప్పుడు సయ్యద్, పఠాన్, దూదేకుల అని కొలిచేదీ మేమే. ప్రవక్తకు పాలిచ్చిన హలీమా ఎడారి తెగ మనిషని, ఆయన ఆమెను జీవితాంతం తల్లిగానే గౌరవించినాడని అమ్మీ వాళ్ళకు గుర్తు చేసింది.

ఆసియాలో మొదటి పాల బ్యాంకు 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టింది. హైదరాబాద్ నిలోఫర్‌లో 2017లో వచ్చింది. పిల్లల్లేని ఒక ముస్లిం రాకుమారి, తన పరిచారిక కాన్పులో చనిపోయిన దుఃఖంతో పూనుకుంటే 1953లో వెలసిన ఆసుపత్రి అది. పాల బ్యాంకులో దాతలకు పరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేస్తారు. లోపలికి తల్లిదండ్రులను రానిచ్చి, బిడ్డ సాకుడులో కలుపుకోవాలని 2017లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు ఆనించుకుని, రోజుకు 8 నుంచి 24 గంటలు ఉంచమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అమ్మీ కుంపటి కంటే అమ్మీ ఒళ్ళే మేలని దానర్థం. ఆ సంగతి ఆమెకు అప్పుడు చెప్పినవాళ్ళు లేరు.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. తలుపు తీయండి. మా అమ్మలకు అర్థమయ్యే భాషలో చెప్పండి. అడిగిన వాళ్ళకు ఒక్క దాత పాలే ఇచ్చి, ఆ తల్లి ఒప్పుకుంటే పేరు రాసివ్వండి. అప్పుడు మా వాళ్ళు పాలు వద్దని బిడ్డను పస్తు పెట్టరు.

2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం వచ్చినప్పుడు మా ఇండ్లల్లో ట్రంకుపెట్టెలు తెరిచి కాగితాలు వెతికినాం. పిల్లోడి డిశ్చార్జి చీటీ కూడా బయటపడింది. అందులో బరువుంది, మందులున్నాయి. పాలిచ్చిన తల్లి పేరు లేదు. అది మా ఇంటి నోటుబుక్కులో ఉంది. ఆమె పేరు, ఊరు, బారసాల రోజు కబురంపిన ఆ ఆడబిడ్డ పేరు. అమ్మీ చెప్తే మేము ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసిపెట్టినాం.