ఫైలు ఎవరికోసం?

సాహిత్యం ఎవరికోసం అన్న ప్రశ్న మన సభల్లో ఎన్నోసార్లు చర్చకు వచ్చింది. ఫైలు ఎవరికోసం అన్న ప్రశ్న మాత్రం నేను వినలేదు. అదీ వెయ్యవలసిన ప్రశ్నే.

నాకొక లెక్చరరు మిత్రుడున్నాడు. ఆయన ఈమెయిలుకు వ్యాసం జతచేసి పంపితే నాకు ‘విన్‌మెయిల్.డ్యాట్’ అనే ఫైలు అందుతుంది. నా కంప్యూటరులో దాన్ని ఏ ప్రోగ్రామూ తెరవదు. మళ్ళీ పంపమంటే మళ్ళీ అదే వస్తుంది. వ్యాసం పాడైపోయిందని ఆయన దిగులు.

నిజానికి ఏదీ పాడవలేదు. ఆయన వాడే మెయిలు ప్రోగ్రాము ‘రిచ్ టెక్స్ట్’ పద్ధతిలో ఉత్తరం పంపేటప్పుడు, అక్షరాల సోకులనూ జతచేసిన ఫైళ్ళనూ కలిపి టి.ఎన్.ఇ.ఎఫ్. అనే మూట కడుతుంది. అది ఒక కంపెనీ తన సరుకు కోసం కల్పించుకున్న మూట. ఆ సరుకున్నవాడికి మూట దానంతటదే విడిపోతుంది. లేనివాడికి మూటే మిగులుతుంది. ఎవరైనా విప్పుకోగల ‘మైమ్’ అనే బహిరంగ పద్ధతి 1992 నుంచీ ఉన్నది.

పంపేవారు ‘రిచ్ టెక్స్ట్’ మాని, ‘హెచ్.టి.ఎమ్.ఎల్.’ గాని ‘ప్లెయిన్ టెక్స్ట్’ గాని ఎంచుకుంటే చాలు. అందుకున్నవారికి మూట విప్పే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఇంకేదైనా ఫైలు తోక మారి వస్తే, మామూలు టెక్స్ట్ ఎడిటరులో తెరిచి మొదటి అక్షరాలు చూడాలి: శాతం గుర్తు, ‘పి.డి.ఎఫ్.’ కనిపిస్తే అది పి.డి.ఎఫ్.; ‘పి.కె.’ కనిపిస్తే జిప్ మూట. ‘డాక్స్’ ఫైలు కూడా లోపల జిప్ మూటే.

“అందరూ ఆ ప్రోగ్రామే కొనుక్కుంటే గొడవుండదు గదా” అనే మిత్రులున్నారు. చదవటానికి ముందు సుంకం కట్టమని పేద విద్యార్థితో చెప్పటమే అది. బహిరంగ పత్రాల పద్ధతి ‘ఓ.డి.ఎఫ్.’ 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దానికి సుంకం లేదు.

కంపెనీని తిట్టి ఊరుకుంటే సరిపోదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన అచ్చుపనంతా ఏళ్ళ తరబడి సొంత సంకేతాల ఫాంట్లలో సాగింది. ఆ ఫాంటు లేనిచోట ఆ ఫైళ్ళు తెరిస్తే తెలుగు కనపడదు, రోమను అక్షరాల చిందరవందర కనపడుతుంది. శ్రమజీవుల కోసం రాసిన వ్యాసాలు కూడా అలా తాళం పడి ఉన్నాయి.

కనక వ్యాసకర్తలు యూనికోడ్‌లో రాసి, బహిరంగ పద్ధతిలో పంపాలి. పాత ఫైళ్ళను మార్చే పని మన విద్యార్థి మిత్రులు పంచుకోవాలి. ఆ ఫాంట్లు తెలిసినవారు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని మొదలుపెట్టటం మంచిది.