బందరు డాక్టర్లు ఊళ్లోకి రావాలి

పిల్లాడు బొద్దుగా ఉంటే మురిసిపోతాం. "పెద్దయ్యాక అదే తగ్గుతుందిలే" అనుకుంటాం. చాలామందిలో తగ్గదు. షుగరూ బీపీ చిన్న వయసులోనే పట్టుకుంటాయి. ఈ మాట నాయనమ్మల చెవికెక్కాలంటే డాక్టరుగారే చెప్పాలి. అదీ ఆసుపత్రిలో కాదు, ఊళ్లోకి వచ్చి.

బందరులో, అంటే మచిలీపట్నంలో, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడి డాక్టర్లూ విద్యార్థులూ గుడివాడ బడులకీ, దివిసీమ అంగన్‌వాడీలకీ వెళ్లి పిల్లల ఎత్తూ బరువూ చూడాలి. 300 మి.లీ. కూల్‌డ్రింకులో ఏడెనిమిది చెంచాల పంచదార ఉంటుందని తల్లుల ముందు కొలిచి చూపించాలి.

కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తిళ్లను బడి గేటుకి 50 మీటర్లలోపు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. దాన్ని అమలు చేయమని డాక్టర్లు గట్టిగా అడిగితే పంచాయతీలు కదులుతాయి.

పండక్కి బందరు లడ్డు పెట్టండి. రోజూ మాత్రం గంటసేపు ఆడుకోనివ్వండి.