హద్దుకు హద్దే సాక్ష్యం

న్యాల్‌కల్‌లో పాత ఇల్లు అమ్ముకోవాలనో పంచుకోవాలనో నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఇంటి నంబరు కాదు. "1956కు ముందటి కాయితం ఏమన్నా ఉన్నదా?" అని అడుగుతాను. జహీరాబాద్‌లో దస్తావేజులు రాసుకుంటూ బతుకుతున్నాను. నా పని చాలావరకు ఈ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే గడిచింది.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలోంచి ఏ ప్రాంతాలు ఆంధ్రలో కలుస్తాయో చెప్పే సెక్షన్‌లో మన ఊరి పేరు విడిగా ఉంది. నిర్ణా సర్కిల్ పోగా మిగిలిన జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా. ఈ మూడూ బీదర్ జిల్లా నుంచి ఇటు వచ్చాయి. అంటే అప్పటిదాకా న్యాల్‌కల్ జహీరాబాద్ తాలూకాలో కూడా లేదు, నేరుగా బీదర్ తాలూకాలో ఉండేది. ఈ సంగతి తెలియనివాళ్లు తాతల నాటి దస్తావేజు కోసం జహీరాబాద్, సంగారెడ్డి, మెదక్ తిరిగి, ఎక్కడా దొరక్కపోతే అసలు కాగితమే పుట్టలేదని నిర్ధారించుకుంటారు. కాగితం బీదర్‌లో ఉంటుంది. వాళ్లు వెతికిన దిక్కు వేరు.

ఒకే ఇంటి కాగితాలు వరుసగా పేరిస్తే చిరునామా ఎట్లా మారుతుందో చూడండి. పాత ఉర్దూ దస్తావేజులో మౌజా న్యాల్‌కల్, తాలూకా బీదర్, జిల్లా బీదర్. ఆ తర్వాతి దాంట్లో తాలూకా జహీరాబాద్, జిల్లా మెదక్. 1985లో మండలాలు ఏర్పడ్డాక న్యాల్‌కల్ మండలం. 2014లో రాష్ట్రం తెలంగాణ, 2016 అక్టోబరు 11న జిల్లా సంగారెడ్డి. అప్పు ఇచ్చే బ్యాంకు లాయరు ఎక్కడో పట్నంలో కూర్చొని ఇవన్నీ చూస్తే, ఇవి ఒకే ఇంటివేనా అని అనుమానపడటం న్యాయమే. అందుకే ఇంటి పూర్వాపరాలు రాసే పేరాలో ఈ మార్పులన్నీ తేదీలతో సహా రాస్తాను. "ఇంత పొడుగు ఎందుకు సార్" అంటారు కొందరు. ఆ పొడుగు వల్లనే రేపు వాళ్ల మనవడికి ఇంకొకరి దగ్గర వివరించుకునే బాధ తప్పుతుంది.

పొలానికైతే వెనక్కి పోయే దారి ఉంది. సేత్వార్ అనే మొదటి సర్వే రికార్డు ఉంటుంది, 1954-55 ఖాస్రా పహాణీ ఉంటుంది, దాని తర్వాత చేసాలా పహాణీ, ఆపైన ఏటేటా పహాణీలు. సర్వే నంబరు చేతిలో ఉంటే ఎవరి తర్వాత ఎవరు సాగు చేశారో తెలుస్తుంది. ఊరు కూర్చున్న జాగా అట్లా కాదు. దాన్ని మేము ఆబాదీ అంటాం, కాగితాల్లో గ్రామకంఠం అంటారు. నక్షాలో మొత్తం ఊరిని ఒక గీతలో చుట్టి వదిలేస్తారు. ఆ గీత లోపల ఎవరి గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రెవెన్యూ రికార్డుకు తెలియదు. భూభారతి చట్టంలో ఆబాదీకి కూడా హక్కుల రికార్డు తయారు చేసే ఏర్పాటు పెట్టారు. అది ఊరూరా ఇంటింటికీ చేరిన రోజు నా పని సగం తగ్గుతుంది, నాకు సంతోషమే. ఈలోగా పాత ఇంటి హక్కును ఒక్క కాగితంలో చూపించడం సాధ్యం కాదు. దస్తావేజు ముక్క, పంచాయతీ రిజిస్టరు, పక్కింటివాళ్ల పెట్టె, ముసలివాళ్ల మాట, ఇవన్నీ కలిపి కూర్చుకోవాలి.

ఊరి నడుమ ఒక పాత ఇంటి సంగతి చెబుతాను. మనుషుల పేర్లు చెప్పను. ఎర్రరాయి గోడలు, మట్టి మిద్దె, నాలుగు అర్రలు, నడుమ వాకిలి. తండ్రి పోయాడు. పెద్దకొడుకు ఊళ్లో వ్యవసాయం, చిన్నవాడు పటాన్‌చెరు దిక్కు కంపెనీలో పని, ఆడబిడ్డను బీదర్ దగ్గర ఊరికి ఇచ్చారు. ఏళ్లుగా ఎవరికీ పట్టని ఇల్లు. నిమ్జ్ అనే పారిశ్రామిక మండలి కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో దాదాపు 12,600 ఎకరాలు గుర్తించాక ఇక్కడి గజం జాగాకు ధర వచ్చింది, ధరతో పాటు పంపకం మాటా వచ్చింది. "గీ ఇల్లు మా తాత కొన్నది సార్, కాయితాలన్నీ పెట్టెల ఉన్నయ్" అని పెద్దాయన ఒక తుప్పు పట్టిన ట్రంకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

పెట్టెలో పెళ్లి శుభలేఖలు, ఎరువుల రశీదులు, వాటి అడుగున నాలుగు మడతల నిజాం కాలం స్టాంపు కాగితం. ఉర్దూలో, అందులోనూ శికస్తా రాతలో ఉంది. అచ్చు ఉర్దూ చదవగలిగినవాళ్లందరూ ఈ గుమాస్తా రాత చదవలేరు. చుక్కలు ఉండవు, మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. జహీరాబాద్‌లో రిటైరైన ఉర్దూ టీచరు ఒకాయన నాకు గురువు లాంటివారు. ఆయన చదువుతుంటే నేను మాట మాటా రాసుకుంటాను. "వల్ద్" అంటే ఎవరి కొడుకో, "సాకిన్" అంటే ఏ ఊరివాడో, "షర్ఖ్, గర్బ్, షుమాల్, జునూబ్" అంటే తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. ధర హాలీ సిక్కాలో, అంటే నిజాం రూపాయల్లో. తేదీ ఖుర్దాద్ నెల, 1346 ఫస్లీ.

ఫస్లీ ఏడుకు 590 కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుందని చాలామంది అంటారు. అది సగమే నిజం. హైదరాబాద్ సర్కారు ఫస్లీ ఏడు ఆ రోజుల్లో అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి మొదటి మూడు నెలలకు 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. అంటే ఈ దస్తావేజు 1937 నాటిది, 1936 నాటిది కాదు. ఏడాది తేడాతో ఏమవుతుందంటారా? కొన్నాయన ఎప్పుడు పోయాడు, ఆయన అన్న అప్పటికి బతికే ఉన్నాడా, సొమ్ము ఉమ్మడిదా సొంతమా అన్న లెక్కలు కొన్నిసార్లు ఆ ఒక్క ఏడాది మీదే నిలబడతాయి.

కాగితం మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంది కనుక నకలు కోసం బీదర్ పంపించాను. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో నకలు చేసి ఉంటాయి. పేర్లకు ఒక సూచిక, ఆస్తులకు ఒక సూచిక. ఫీజు కట్టి అడిగితే ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని చట్టం. మన దగ్గర కంప్యూటర్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందటి దానికి చేతిరాత పుస్తకాలు తిప్పి వెతకాల్సిందే. ఈసీలో ఏమీ లేదు కాబట్టి ఇంటి మీద ఏ లావాదేవీ జరగలేదనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక హద్దులు. నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆ దస్తావేజులో ఇంటి నంబరు లేదు, గజాల లెక్క లేదు, నాలుగు హద్దులే ఉన్నాయి. తూర్పు రాస్తా. దక్షిణం ధాన్యం వ్యాపారి ఇల్లు. ఉత్తరం సాలె ఆయన ఇల్లు. పడమర ఖుల్లా జాగా, బావి. ఇప్పుడు చూస్తే వ్యాపారి కుటుంబం ఊరు విడిచి చాలాకాలమైంది, ఆ ఇల్లు రెండు ముక్కలై ఇద్దరి చేతుల్లో ఉంది. బావి పూడిపోయింది. రాస్తా ఒక్కటే ఉన్నచోట ఉంది.

ఇట్లాంటప్పుడు మన కాగితం ఎంత చదివినా లాభం లేదు. పక్కింటి కాగితం చదవాలి. మన ఇల్లు మన దస్తావేజులో ఒక్కసారే ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ల దస్తావేజుల్లో హద్దుగా నాలుగుసార్లు ఉంటుంది. ఉత్తరం ఇంటివాళ్ల దగ్గర 1962 నాటి అమ్మకం కాగితం దొరికింది. అందులో దక్షిణం హద్దుగా మనవాళ్ల తాత పేరు రాసి, నడిమి గోడ ఉమ్మడి అని ఉంది. ఆ ఒక్క వరుసతో రెండు సంగతులు తేలాయి. 1962లో ఈ ఇల్లు ఆయన స్వాధీనంలోనే ఉందని పరాయివాడు, తనకు లాభం లేని చోట, రాసి పెట్టాడు. వరుసలో రెండో ముక్క మాత్రం అన్నదమ్ములకు రుచించలేదు. "ఆ గోడ మాదే సార్, మా తాత కట్టిండు. కూలగొట్టి పిల్లర్లు ఏస్తం" అన్నాడు చిన్నవాడు. ఉత్తరం ఇంట్లో ముసలమ్మ ఉంది. గోడ సంగతి అడిగితే, "ఇద్దరిది బిడ్డా. వానలకు ముందు రెండిండ్లోళ్లం కలిసి మన్ను పెడుతుంటిమి, నేను కోడలుగ వచ్చిన్నాటి సంది చూస్తున్న" అంది. కాగితమూ మనిషీ ఒకటే మాట చెప్పారు. పంపకం దస్తావేజులో ఉత్తరపు గోడ ఉమ్మడి అనే రాశాను. చిన్నవాడు కొన్నాళ్లు నా మీద కోపంగా ఉన్నాడు. గోడ మాత్రం నిలిచింది.

తారీఖు 1948కీ 1950కీ నడుమ పడిన కాగితం వస్తే నేను చాలా జాగ్రత్త పడతాను. పోలీసు చర్య తర్వాత జరిగిన ఘోరాలను విచారించిన సుందర్‌లాల్ కమిటీ ఎక్కువ నష్టపోయినవిగా చెప్పిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. మిగతావి ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్. అప్పుడు న్యాల్‌కల్ బీదర్‌లోదే కదా. ఆ రోజుల్లో ఇండ్లు వదిలి పోయినవాళ్లు ఉన్నారు, తక్కువ ధరకు చేతులు మారిన ఇండ్లు ఉన్నాయి. దేశం విడిచినవాళ్ల ఆస్తులు 1950 చట్టం కింద కస్టోడియన్ చేతికి వెళ్లాయి. అమ్మినవాడు నిజంగా సంతకం పెట్టాడా, వారసులు ఎక్కడున్నారు అని అడగకుండా అట్లాంటి ఇంటి మీద కొత్త కాగితం రాయడం తప్పు. గిరాకీ పోతే పోయింది అనుకుంటాను.

కాగితమే లేని ఇండ్లూ ఉన్నాయి, వాటన్నిటినీ అనుమానించకూడదు. వంద రూపాయల లోపు విలువైన స్థిరాస్తిని స్వాధీనం అప్పగించి అమ్మవచ్చని, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చట్టమే చెబుతుంది. పాతకాలంలో చిన్న ఇండ్ల ధరలు ఆ లోపే ఉండేవి. ముస్లిం కుటుంబాల్లో హిబా ఉంది. ఇస్తున్నానని చెప్పి, తీసుకున్నానని ఒప్పుకొని, ఇల్లు అప్పగిస్తే నోటిమాట దానం కూడా చెల్లుతుంది. 2011లో సుప్రీంకోర్టు ఈ సంగతి మళ్లీ ఖాయం చేసింది. అయితే అప్పగింత జరిగిందని చూపించగలగాలి. ఇక ముప్పై ఏళ్లు దాటిన కాగితం ఉండాల్సిన చోట, ఉండాల్సినవాళ్ల దగ్గర దొరికితే దాని సంతకాలు నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. ఈ సూత్రం పాత సాక్ష్య చట్టంలో ఉంది, కొత్త దాంట్లోనూ ఉంది. అందుకే పెట్టెలోంచి కాగితాన్ని తీసి లామినేషన్ చేయించి, మరకలు తుడిపించి తెచ్చేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దాన్ని అట్లాగే ఉంచండి. ఫోటో తీసుకొని మడత పెట్టిన చోటే పెట్టండి.

పంచాయతీ ఇంటి పన్ను రశీదును పట్టా కాగితమంత పదిలంగా దాచుకుంటారు మావాళ్లు. దాచుకోవాలి కూడా, కాని అది యాజమాన్యం రుజువు కాదు. ఫలానా ఏడు ఫలానావాడు ఆ ఇంట్లో ఉన్నాడని చెప్పే సాక్ష్యం, అంతవరకే. 2020లో ధరణి పోర్టల్ కోసం ఊళ్లలో ఇండ్ల వివరాలు రాసుకున్నప్పుడు చాలాచోట్ల ఆ వేళ గడపలో ఉన్న అన్న పేరే రాశారు. ఆ పేరు చూపించి మొత్తం ఇల్లు తనదే అనే అన్నలు ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. ఆన్‌లైన్‌లో పేరు పడినంత మాత్రాన తమ్ముడి వాటా పోదు, చెల్లె వాటా పోదు.

చెల్లె మాట ఎవరూ తమంతట తాము చెప్పరు, నేనే అడుగుతాను. పైన చెప్పిన ఇంటి పంపకంలో కూడా అదే జరిగింది. "దానికి పెండ్లిల పెట్టినం సార్" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో. హిందూ వారసత్వ చట్టంలో ఇంటికి సంబంధించి ఇరవైమూడో సెక్షన్ అని ఒకటి ఉండేది. మగవాళ్లు పంచుకుందామని అనుకునేదాకా, కుటుంబం ఉంటున్న ఇంట్లో ఆడబిడ్డ పంపకం అడగకూడదని దాని సారం. 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ సెక్షన్ లేదు. అదే రోజు నుంచి కూతురు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానం. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన పంపకాలను మాత్రం ఆ సవరణ కదిలించదు. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నామనే కుటుంబాలకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ అన్నదమ్ములతో చెల్లెకు ఫోన్ చేయించాను. ఆమె వచ్చింది, తన వాటాకు డబ్బు తీసుకొని పరిత్యాగం రాసిచ్చింది. ఎంత అన్నది వాళ్ల ఇంటి సంగతి. ఆమె సంతకం లేకుండా ఆ ఇల్లు కొన్నవాడు రేపు కోర్టు మెట్లు ఎక్కేవాడు.

పాత ఇల్లు ఉన్న ప్రతి కుటుంబానికీ నా విన్నపం ఒకటే. ఇల్లు కూలగొట్టక ముందే నాలుగు గోడలూ కొలిచి, నాలుగు దిక్కుల ఫోటోలు తీయించండి. పక్కిండ్లవాళ్ల కాగితాల్లో మీ ఇంటి హద్దు ఎట్లా రాసి ఉందో నకలు తీసుకోండి, మీదీ వాళ్లకు ఇవ్వండి. ఉర్దూ కాగితం ఉంటే చదవగలిగిన పెద్దలు ఉండగానే చదివించి తెలుగులో రాయించుకోండి. జహీరాబాద్‌లో శికస్తా చదివేవాళ్లు నాకు తెలిసి చాలా కొద్దిమందే మిగిలారు, అందరూ పెద్ద వయసువాళ్లే. 1956కు ముందటి దస్తావేజు జాడ తెలిస్తే ఆలస్యం చేయకుండా బీదర్‌లో నకలుకు అర్జీ పెట్టుకోండి.